కార్బరేటర్ కడగాలా, కొత్తది వేయాలా, ఇంజనే మార్చాలా: ఏది మేలు?

రెండు వానాకాలాలు షెడ్డు మూలన పడున్న పెట్రోలు ఇంజన్ను బయటికి తీసి, పాతికసార్లు తాడు లాగాక ఎక్కడైనా వినిపించే మాట ఒకటే: "కార్బరేటర్ పోయింది, కొత్తది వేసేద్దాం." కార్బరేటర్ అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్లోకి పంపే భాగం. చాలాసార్లు అది పోయి ఉండదు, మూసుకుపోయి ఉంటుంది. నీళ్ల పంపుల మీదా చిన్న పవర్ వీడర్ల మీదా కనిపించే హోండా జీఎక్స్160 తరహా 163 సీసీ ఇంజన్ను ఉదాహరణగా తీసుకుందాం. 168ఎఫ్ పేరుతో వచ్చే చైనా ఇంజన్లు కూడా దీని అచ్చులో పోసినవే కాబట్టి ఇక్కడి మాటలు చాలావరకు వాటికీ వర్తిస్తాయి.

అసలు తప్పు కార్బరేటర్‌దేనా అన్నది ముందు తేలాలి. ఇంజన్ను చదునుగా పెట్టి ఆయిలు మూత తీయండి. ఆయిలు అంచుదాకా ఉండాలి. తక్కువైతే, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుకు కరెంటు ఆపేసే సెన్సర్ కొన్ని మోడళ్లలో ఉంటుంది. తాడు ఎంత లాగినా దానికి దయ రాదు. మూత తీయగానే ఆయిలు పొంగి కారి, పెట్రోలు వాసన కొడితే మాత్రం స్టార్ట్ చేయొద్దు. కార్బరేటర్ గిన్నె నిండగానే పెట్రోలు ఆపాల్సిన ఫ్లోట్ సూది పట్టక, పెట్రోలు ఇంజన్లోకి దిగిందన్నమాట.

తర్వాత ప్లగ్గు విప్పండి. పదిసార్లు లాగాక కూడా పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. తడిగా ఉంటే వస్తోంది, నిప్పు సంగతి చూడాలి. బీపీఆర్6ఈఎస్ ప్లగ్గుకు గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. ప్లగ్గు రంధ్రంలో అర చెంచా పెట్రోలు పోసి, ప్లగ్గు బిగించి, ఒలికింది తుడిచి లాగండి. రెండు మూడు సెకన్లు మోగి ఆగితే నిప్పు ఉంది, కంప్రెషన్ ఉంది, తప్పు పెట్రోలు దారిలోనే. తాడు అడ్డే లేకుండా తేలిగ్గా వచ్చేస్తుంటే వాల్వు తెరుచుకుని తుప్పుతో బిగుసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు కార్బరేటర్ మార్చడం కాళ్లకు దెబ్బ తగిలితే తలకు కట్టు కట్టినట్టే.

తప్పు కార్బరేటర్‌దే అని తేలితే మొదటి ఓటు కడగడానికే. ఖర్చు ఒక క్లీనర్ స్ప్రే, పడితే రెండు గాస్కెట్లు (అతుకుల మధ్య పెట్టే పల్చటి అట్టలు). సమయం గంటన్నర. విప్పేముందు, ఇంజను వేగాన్ని అదుపుచేసే గవర్నర్ రాడ్డు ఏ కంతలో ఉందో, దాని పక్కన సన్న స్ప్రింగ్ ఎటు తగిలించి ఉందో ఫోటో తీసుకోండి. తిప్పలన్నీ బిగించేటప్పుడు అక్కడే వస్తాయి. పెట్రోలు కాక్ మూసి, పది నంబరు పానాతో కింది గిన్నె విప్పితే జబ్బు కళ్లకే కనిపిస్తుంది. అడుగున పాత బెల్లం పాకంలాంటి జిగురుంటే అది ఎండిన పెట్రోలు. తెల్లటి సున్నంలాంటి పొడి ఉంటే అది నీళ్ల పని. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమను పీలుస్తుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగి లోహాన్ని తింటాయి. జీఎక్స్ ఇంజన్లకు హోండా మాన్యువల్ చెప్పే హద్దు 10 శాతమే.

నడిమి స్తంభంలో పెద్ద జెట్ ఉంటుంది, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న కంత ఉన్న ఇత్తడి ముక్క. దానికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తోనే విప్పండి, ఇత్తడి గాడి తేలిగ్గా చెడుతుంది. దాని వెనకే పక్కల చిన్న చిన్న కంతలున్న గొట్టం జారి వస్తుంది. ఇంతవరకు అందరూ కడుగుతారు. వదిలేసేది పైలట్ జెట్, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు ఇచ్చేది. ఐడిల్ స్క్రూ తీస్తే దాని కింద నల్లటి ప్లాస్టిక్ ముక్క కనిపిస్తుంది, మెల్లగా పైకి లాగాలి. దాని కంత సూదిమొనకన్నా సన్నం. కడిగినా ఇంజను "గుర్ర్... గుర్ర్" అని ఊగుతూ, చోక్ (గాలి తగ్గించే మీట) సగం వేస్తే సర్దుకుంటుందంటే, మొదటి అనుమానం ఈ కంత మీదే. రెండోది కార్బరేటర్‌కూ హెడ్డుకూ మధ్య గాస్కెట్లోంచి గాలి లాగడం.

కంతల్లో ఇనుప తీగ దూర్చొద్దు, సైజు పెరిగిపోతుంది. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి వాడండి. స్ప్రే ఒక కంతలో కొడితే ఇంకో కంతలోంచి చిమ్మాలి. అది కంట్లో పడితే మంట ఓర్చుకోలేం, కళ్లజోడు పెట్టుకోండి. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు, నిమ్మకాయ పెట్టి రాత్రంతా నానబెట్టేవాళ్లున్నారు. కార్బరేటర్ ఒళ్లు ఇత్తడి కాదు, పులుపు దాన్ని తినేస్తుంది.

మరి కొత్తది ఎప్పుడు? తెల్లపొడి గీకాక ఫ్లోట్ సూది కూర్చునే చోట గుంటలు పడి ఉంటే, లోపలి దారిలోంచి స్ప్రే రెండో వైపుకు రాకపోతే, చోక్ కడ్డీ అరిగి వదులైతే ఇక కడగడం దండగ. డూప్లికేట్ వెయ్యి లోపే దొరుకుతుంది, ఒరిజినల్‌కు దానికి ఎన్నో రెట్లు. డూప్లికేట్ పనికిరాదని కాదు, చూసి కొనాలి. 163 సీసీది, 196 సీసీది బోల్టులకు ఒకేలా కూర్చుంటాయి, జెట్లు వేరు. పెద్దదాని కార్బరేటర్ చిన్నదానికి వేస్తే నల్లపొగ, తడి ప్లగ్గు, పెట్రోలు దండగ. పాతది చేతిలో పట్టుకెళ్లి పైపు తగిలే చోటు, చోక్ వైపు, రాడ్డు కంత పోల్చి చూడండి. కొత్తది బిగించాక కాక్ తెరిచి పావుగంట వదిలేయండి. ఎయిర్ ఫిల్టర్ వైపు తడి కనిపిస్తే సూది పట్టడం లేదు. అలాంటిది ఆ రోజే వాపసు ఇచ్చేయాలి.

రెంటిలో ఏది చేసినా ట్యాంకు శుభ్రం చేయకపోతే వృథా. ట్యాంకు రేకుది, లోపల తుప్పు రాలుతూ ఉంటుంది. కాక్ కింద చిన్న కప్పు విప్పి ఎర్రటి మడ్డి ఉందేమో చూడండి. కొత్త కార్బరేటర్ వేసిన వారానికే ఇంజను మళ్లీ ఆగిందంటే కారణం చాలాసార్లు ఈ మడ్డే.

ఇంజనే మార్చడం చివరి మాట. ఆయిలు లేకుండా నడిపి కనెక్టింగ్ రాడ్డు విరిగినా, సిలిండర్లో గోటికి తగిలేంత గీతలు పడినా పాతదానికి డబ్బు పోయడం కన్నా కొత్త ఇంజనే నయం. కొనేటప్పుడు పొరపాటు పడేది షాఫ్ట్ దగ్గర. ఒకే హెచ్‌పీ ఇంజన్లలో 19 మిల్లీమీటర్ల షాఫ్టూ ఉంది, 20 మిల్లీమీటర్లదీ ఉంది. కొన్ని పంపులకు మరలున్న షాఫ్ట్ కావాలి, కొన్నింటికి కీ కూర్చునే గాడి ఉన్నది. కొలవకుండా తెస్తే పుల్లీ ఎక్కదు.

గడ్డి కోసే మిషన్‌కుండే చిన్న జీఎక్స్35 దగ్గర మాత్రం తీర్పు తిరగబడుతుంది. దానిలో ఫ్లోట్ ఉండదు, పల్చటి పొర ఉంటుంది. అది అట్టలా గట్టిపడితే ఎంత కడిగినా మెత్తబడదు. పొరల కిట్టు గానీ కొత్త కార్బరేటర్ గానీ వేయాల్సిందే. అదీ ఫోర్ స్ట్రోకే, దాని ట్యాంకులో టూ స్ట్రోక్ ఇంజన్లకు పోసే టూటీ ఆయిలు కలపొద్దు. ఆయిలు విడిగా 100 మిల్లీలీటర్లు పోయాలి.

163 సీసీ ఇంజను మోగాక పావుగంట నడిపి, వేడి మీదే పాత ఆయిలు దించేసి 10డబ్ల్యూ-30 గ్రేడు ఇంజన్ ఆయిలు దాదాపు 600 మిల్లీలీటర్లు పోయండి. తర్వాత ఆరు నెలలకో, 100 గంటలకో మార్చాలి, ఏది ముందైతే అది. పూర్తిగా చల్లారాక వాల్వు సందులు చూడండి: లోపలికి పీల్చే వాల్వుకు 0.15, పొగ వాల్వుకు 0.20 మిల్లీమీటర్లు. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, గిన్నె డ్రెయిన్ స్క్రూ విప్పి చివరి చుక్కదాకా కార్చేయండి. పెట్రోలు అయిపోయేదాకా నడిపితే చాలనుకుంటారు కానీ, గిన్నె అడుగున కాస్త మిగిలే ఉంటుంది. ఆఖరున తాడు మెల్లగా లాగి, బిగువు తగిలిన చోట ఆపేయండి. అక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, సిలిండర్లోకి తేమ చేరదు.