ఇంటి పన్ను ఏప్రిల్‌లో కట్టి 5 శాతం మిగుల్చుకుంటున్నా, కానీ నోటీసులో వినియోగం గడి చూసుకోండి

2018 నుంచి మా ఇంటి పన్ను నేనే ఆన్‌లైన్‌లో కడుతున్నా, అంతకుముందు మామయ్యగారు మున్సిపాలిటీకెళ్ళి లైన్లో నిలబడి కట్టేవారు. మాది ఆంధ్రాలో ఒక చిన్న మున్సిపాలిటీ. అసెస్‌మెంట్ నంబర్ కొట్టడం, డబ్బు కట్టడం, రసీదు దింపుకోవడం అందరికీ తెలిసిందే, దాని గురించి రాయట్లేదు.

నాకు మొదట్నుంచీ బాగా నచ్చింది ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కడితే వచ్చే 5 శాతం తగ్గింపు. నా చీటీ డబ్బులు మార్చిలో చేతికొస్తాయి కాబట్టి నాకు సరిగ్గా కుదిరేది, కనిపించిన వాళ్ళందరికీ చెప్పేదాన్ని, కట్టండి కట్టండి అని. ఇప్పుడూ మంచిదే అంటాను. కాకపోతే తగ్గేది ఆ ఏడాది పన్ను మీదే, పాత బాకీ మీద కాదు, బాకీకి నెలకి 2 శాతం వడ్డీ పడుతూనే ఉంటుంది. ఇంకోటి, అసలు లెక్కే తప్పయితే ఆ 5 శాతం వల్ల ఒరిగేదేం లేదు. మాకు జరిగింది అదే.

మా ఇంటి ముందు గదికి షట్టర్ ఉంది. 2016లో ఒక టైలర్‌కి అద్దెకిచ్చాం, కరోనా టైంలో పాపం ఆయన మూసేసి ఊరెళ్ళిపోయాడు. తర్వాత అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులొచ్చి మెట్లెక్కలేక ఆ గదిలోకే మారారు, మంచం, మందుల డబ్బా, బియ్యం డ్రమ్ము అన్నీ అక్కడే. అది షాపు కాదని ఎవరికైనా చెప్పాలన్న ఆలోచనే రాలేదు మాకు. 2021 నుంచి అద్దె విలువ లెక్క పోయి ఆస్తి విలువ మీద పన్ను వచ్చింది కదా, దాన్లో నివాసానికి 0.10 నుంచి 0.50 శాతం మధ్యలో, వ్యాపారానికి 0.20 నుంచి 2 శాతం మధ్యలో వేస్తారు, ఎంతన్నది ఊరిని బట్టి. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పరిమితి ఉండటంతో మాకు ఒకేసారి కాకుండా 2,800 కాస్తా 3,220 అయింది, తర్వాత 3,703, తర్వాత 4,258, అందరికీ పెరుగుతోందిలే అనుకుని కట్టేశా.

2024 ఏప్రిల్‌లో 4,897 వచ్చింది. మా అమ్మాయి ఫోన్లో వివరాలు చూస్తూ "అమ్మా, మనకి షాపెక్కడుంది?" అంది. చూస్తే వినియోగం గడిలో ముందు గది ఇంకా నాన్ రెసిడెన్షియల్ అనే ఉంది, అంటే వ్యాపారం కింద. టైలర్ వెళ్ళి నాలుగేళ్ళు! ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, డబ్బు కంటే కూడా ఇన్నేళ్ళూ రసీదులు దాచుకున్నదాన్ని ఒక్కసారి కూడా చదవలేదే అని.

రివిజన్ పిటిషన్, అంటే పన్ను లెక్క మళ్ళీ చూడమని అర్జీ పెట్టా. నెలన్నరకి మున్సిపాలిటీ నుంచి ఒకబ్బాయి చూడ్డానికొచ్చాడు. లోపలికి రాకుండానే షట్టర్‌కి ఫోటో తీసి "షట్టర్ ఉంది కదమ్మా, ఇది షాపే" అన్నాడు. అత్తయ్యగారు మంచం మీదే ఉన్నారు, "నేను అమ్మకానికి ఉన్నానా నాయనా" అని ఆవిడ గట్టిగానే అడిగారు. టైలర్ మీటరు తీసేసిన కరెంటు కాగితం చూపించా, గది అంతా చూపించా, అయినా షట్టర్ ఉన్నంతకాలం నివాసమని రాయలేనన్నాడు. ఇంకో రెండుసార్లు ఆఫీసుకెళ్ళా, అక్కడ చెప్పిందీ అదే మాట. చివరికి షట్టర్ పీకించి, సగం గోడ కట్టించి కిటికీ పెట్టించాం, 14 వేలు అయింది. కొత్త ఫోటోలతో మళ్ళీ అర్జీ పెడితే అప్పుడు మార్చారు, అదీ తర్వాతి అర్ధ సంవత్సరం నుంచి. ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేశాను కాబట్టి ఎక్కువ కట్టింది తర్వాత పన్నులో సర్దుతామన్నారు, సర్దారు కూడా, అది మాత్రం ఒప్పుకోవాలి.

మా పిన్నిది అదే ఊళ్ళో రెండు గదుల ఇల్లు, 375 చదరపు అడుగుల లోపే, తనే ఉంటుంది, ఏడాదికి 50 రూపాయలు కడుతుంది అంతే. వీధి వైపు చిన్న కొట్టు పెడదామనుకుంటుంటే ముందు వార్డు సచివాలయంలో అడిగి పెట్టుకో పిన్నీ అన్నా, ఆ 50 నివాసానికి ఇచ్చిన వెసులుబాటు, కొట్టు పెడితే ఆ గదికి ఏం రాస్తారో తెలుసుకోకుండా దిగడం ఎందుకు.

మీ ఇల్లు పూర్తిగా నివాసమే, ఎప్పుడూ ఎవరికీ షాపుకి ఇవ్వలేదంటే ఆన్‌లైన్‌లో కట్టడం హాయిగా ఉంటుంది, ఏప్రిల్‌లోనే కట్టేయండి. మాలాగా ముందు గది ఒకప్పుడు అద్దెకిచ్చిన వాళ్ళు మాత్రం కట్టే ముందు కొలతలు, వినియోగం రెండూ చదవండి, అద్దెకున్న వాళ్ళు ఖాళీ చేసిన నెలలోనే కాగితం పెట్టండి. అర్జీ నడుస్తోంది కదా అని కట్టడం ఆపకండి, వడ్డీ పడుతుంది. 14 వేలు పెట్టి షట్టర్ తీయించడం అందరికీ లాభమని చెప్పలేను, మళ్ళీ అద్దెకిచ్చే ఉద్దేశం ఉంటే వద్దు. మాకైతే అత్తయ్యగారికి ఆ కిటికీలోంచి వీధి కనిపిస్తోంది, గాలి కూడా వస్తోంది.

ఈ ఏప్రిల్‌లో వచ్చిన రసీదు మొత్తం చదివా, రెసిడెన్షియల్ అని ఉంది. అంతకుముందు మూడేళ్ళ తేడా డబ్బు కోసం పెట్టిన అర్జీకి ఇంకా జవాబు రాలేదు.