లైట్ ఫ్లైవీల్ కొనేముందు ఆగండి: స్టీలని చెప్పి చెక్కిన పోత ఇనుము అమ్ముతున్నారు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు కార్లకు ఇంజిన్ పనులు చేయించుకునే అన్నలూ తమ్ముళ్లూ, ఇది కాస్త పూర్తిగా చదవండి. ‘క్రోమోలీ స్టీలు, రేసింగ్ క్వాలిటీ, నాలుగు కిలోలే’ అంటూ నల్ల రంగు కొట్టిన లైట్ ఫ్లైవీళ్లు మన వైపు అమ్ముతున్నారు. ఫ్లైవీల్ అంటే ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్ చివర బిగించే బరువైన చక్రం, క్లచ్ దానికే ఆనుకుని ఉంటుంది. బరువు తగ్గించి చేసింది లైట్ ఫ్లైవీల్. క్రోమోలీ అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి స్టీలు. నాకు 18 వేలకు అంటగట్టింది స్టీలే కాదు. మామూలు కార్లో వచ్చే పోత ఇనుము ఫ్లైవీల్‌నే లేత్‌కెక్కించి, వెనకవైపు చెక్కేసి, చిల్లులు వేసి, రంగు కొట్టి ఇచ్చారు.

నాది పాత హోండా సిటీ వీటెక్. ఫ్లైవీల్ బిగించాక మూడు వేల ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాటితే చాలు క్లచ్ పెడల్‌లో సన్నటి వణుకు, ఐదు వేలకు వెళ్తే ఆ వణుకు సీట్లోకి కూడా వచ్చేది. అమ్మినతనికి ఫోన్ చేస్తే ‘లైట్ ఫ్లైవీల్ అంటే అంతే సార్, అలవాటైపోతుంది’ అన్నాడు. మీకూ ఇదే మాట చెప్తారు, నమ్మకండి. తేలిక ఫ్లైవీల్ వేస్తే ఐడ్లింగ్ కొంచెం గరుగ్గా ఉండటం, న్యూట్రల్‌లో గేర్‌బాక్స్ గలగలమనడం మామూలే, కానీ ఆర్‌పీఎంతో పాటు పెరుగుతూ పోయే వణుకు మాత్రం బ్యాలెన్స్ తప్పిందనడానికి గుర్తు.

గేర్‌బాక్స్ దించి చూస్తే క్రాంక్ బోల్టు రంధ్రం దగ్గర మొదలై చెక్కిన చోటిదాకా వెంట్రుకవాసి పగులు! లేత్ మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఓ పక్కన డ్రిల్ పెట్టాడు. స్టీలైతే రజను పొడుగ్గా చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది, దీన్నుంచి నల్లటి పొడి రాలింది. గ్రైండర్ ఆనించినా అంతే, స్టీలుకు వచ్చే పొడవాటి తెల్లటి నిప్పురవ్వలు రాలేదు, పొట్టిగా ఎర్రగా వచ్చి ఆరిపోయాయి. రంగు గీకితే కింద పోత పోసేటప్పుడు అచ్చులో పడే నంబరు బయటపడింది. ఇంకేం కావాలి?

డబ్బు సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి చూడండి. 26 సెంటీమీటర్ల వ్యాసమున్న ఫ్లైవీల్ 7,000 ఆర్‌పీఎంలో తిరిగేటప్పుడు దాని అంచు వేగం గంటకు 340 కిలోమీటర్లు దాటుతుంది. ఆర్‌పీఎం రెట్టింపైతే దాన్ని బయటికి లాగే బలం నాలుగు రెట్లవుతుంది. పోత ఇనుము నొక్కితే బాగా తట్టుకుంటుంది గానీ లాగితే తట్టుకోదు, సాగకుండా ఒక్కసారిగా పగులుతుంది. కంపెనీ వాళ్లూ పోత ఇనుమే వాడుతున్నారు కదా అని ఒకతను నాతో వాదించాడు. వాడతారు, కానీ ఎంత ఆర్‌పీఎందాకా తిరగాలో లెక్కగట్టి దానికి తగ్గ మందం పెడతారు. ఆ మందాన్ని చెక్కిపారేసి ఇంజిన్‌ను అదే రెడ్‌లైన్‌దాకా, అంటే గరిష్ఠ ఆర్‌పీఎందాకా తిప్పితే ఏమవుతుంది? అది ముక్కలైతే ఫ్లైవీల్ చుట్టూ తొడుగులా ఉండే అల్యూమినియం బెల్ హౌసింగ్ ఆపుతుందని అనుకోవద్దు. మన కాళ్లకూ దానికీ మధ్య ఉండేది పల్చటి రేకు. రేసుల వాళ్లు ఎస్‌ఎఫ్‌ఐ 1.1 (రేసింగ్ భద్రతా ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్న ఫ్లైవీలే కావాలని పట్టుబట్టేది ఇందుకే.

అమ్మేవాడు బరువు గురించే ఊదరగొడతాడు. మీరు ఆ బరువు ఎక్కడ తీశారో చూడండి. అంచున తీసిన అర కిలో, మధ్యలో తీసిన కిలో కంటే ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే అక్కడ కేంద్రం నుంచి ఉన్న దూరం వర్గం లెక్కకొస్తుంది. నాకిచ్చిన దాంట్లో అంచు దాదాపు అలాగే ఉంది, బలం ఉండాల్సిన బోల్టుల చుట్టూ చెక్కేశారు. అంటే ఉపయోగమూ లేదు, భద్రతా లేదు. ఏ లోహంతో చేశారో బిల్లు మీదే రాయించుకోండి, బ్యాలెన్సింగ్ రిపోర్టు అడగండి. రెండూ ఇవ్వనంటే వెనక్కి వచ్చేయండి.

అసలు మీకు అవసరమా అన్నది కూడా ఆలోచించండి. దీంతో హార్స్‌పవర్ పెరగదు, ఇంజిన్ త్వరగా పైకి లేస్తుంది, అంతే. ఆ తేడా ఫస్ట్, సెకండ్ గేర్లలో తెలుస్తుంది. హైవే మీద నెల్లూరు నుంచి ఒంగోలుకు ఐదో గేర్లో వెళ్లేవాళ్లకు ఫస్ట్ గేర్లో వచ్చే లాభంలో సుమారు పదహారో వంతు మిగులుతుంది. మే నెలలో ఏసీ వేసుకుని ఆత్మకూరు బస్టాండ్ అండర్ బ్రిడ్జి ఎత్తు దగ్గర ట్రాఫిక్‌లో ఆగి మళ్లీ కదలాలంటే మాత్రం ఇంజిన్ ఆగిపోతుందేమోనని రోజూ టెన్షనే. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండి కుదుపులు తగ్గించేది) ఉన్న డీజిల్ కార్ల వాళ్లు దీని జోలికే వెళ్లకండి, గేర్‌బాక్స్ మోత భరించలేరు.

ఇప్పటికే ఇలాంటిది బిగించుకున్నవాళ్లు వెంటనే దింపించండి. పగుళ్లు కంటికి కనపడకపోయినా, రంగు ద్రవం పూసి చూసే డై పెనెట్రంట్ పరీక్ష చేయించండి. తిరిగి బిగించేటప్పుడు ఫ్లైవీల్ బోల్టులు కొత్తవే వేయించండి.

అమ్మినతను డబ్బు వెనక్కి ఇవ్వనంటున్నాడు. క్రోమోలీ అని అతను వాట్సాప్‌లో రాసిన మాటలు, పగిలిన ఫ్లైవీల్ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను, 5 లక్షల లోపు కేసులకు అక్కడ ఫీజు లేదు. మీలో ఎవరికైనా ఇలాంటి నల్ల రంగు ఫ్లైవీలే అమ్మి ఉంటే ఫొటో, బిల్లు దగ్గర పెట్టుకుని నాకు చెప్పండి, కలిసే వెళ్దాం.