కరెంటు మానిటర్ రెండేళ్లు వాడాక: కొనేముందు మీటర్ దగ్గరికి వెళ్లి రండి

హైదరాబాద్‌లో నెలకు 200 యూనిట్లు వాడితే, మిగతా చార్జీలు వదిలేసి, యూనిట్ల ఖర్చు 820 రూపాయలు. 201 అయిందా, మొదటి 200కే యూనిట్‌కు 5.10 చొప్పున 1,020 పడుతుంది. ఆ ఒక్క యూనిట్ టెన్షన్‌తోనే, ఎప్పటికప్పుడు ఎన్ని యూనిట్లు అయ్యాయో ఫోన్ యాప్‌లో చూపించే మానిటర్ కొన్నాను.

మొదట కొన్నది మీటర్ మీద మిణుకుమనే ఎర్ర లైటును లెక్కపెట్టే సెన్సర్. మా మీటర్ మీద 3200 ఐఎంపీ/కేడబ్ల్యూహెచ్ అని రాసుంది. అంటే లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. ఓ రాత్రి ఫ్రిజ్, వైఫైతో సహా అన్నీ ఆపేసి, 75 వాట్ల ఫ్యాన్ ఒక్కటే వేసి టార్చ్‌తో సెల్లార్‌కు దిగాను. లైటు ఆగకుండా కొట్టుకుంటోంది! సర్వీస్ నంబర్ చూస్తే అది పక్కింటివాళ్ల మీటర్. మాది సరిగ్గా పదిహేను సెకన్లకోసారి వెలిగింది, లెక్క కుదిరింది. కుదరనిది చోటు. మీటర్ల పెట్టెకు తాళం, మూడో అంతస్తులోని మా వైఫై అక్కడికి అందదు. సెన్సర్ వాపసు పంపేశాను. పాత చక్రం తిరిగే మీటరైతే ఈ రకం గురించి ఆలోచించనే అక్కర్లేదు, దానికి లైటే ఉండదు.

రెండోది వైరుకు తొడిగే క్లాంప్ రకం. దీనికి మీటర్‌తో పనిలేదు, ఇంట్లో మెయిన్ స్విచ్, ఎంసీబీలు ఉండే డీబీ బోర్డు చాలు. ఎలక్ట్రీషియన్ ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి క్లాంప్‌లో పెట్టాడు. గీజర్ నడుస్తున్నా సున్నా చూపించింది! రెండు వైర్లలో కరెంటు ఎదురెదురుగా పోతుంది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేస్తుంది. ఫేజ్ ఒక్కదానికే తొడగాలి. త్రీ ఫేజ్ ఇల్లయితే మూడు క్లాంపులు కావాలి. ఈ పని మీరే చేయకండి. మెయిన్ ఆపినా మీటర్ నుంచి మెయిన్ దాకా వచ్చే వైర్లలో కరెంటు ఉంటుంది. మీటర్ సీలు జోలికైతే అసలు పోవద్దు.

మాది చవక రకం. కరెంటు (ఆంపియర్లు) మాత్రమే కొలిచి, వోల్టేజీ ఎప్పుడూ 230 అనుకుంటుంది. సాయంత్రం మా వీధిలో అంత రాదు, పైగా ఫ్రిజ్ లాంటివి లాగే ఆంపియర్లన్నీ యూనిట్ల లెక్కలోకి రావు, ఆ పవర్ ఫ్యాక్టర్ తేడా ఒకటి. బిల్లుతో పోలిస్తే వందకు ఏడెనిమిది యూనిట్లు ఎక్కువ చూపిస్తుంది. సోలార్ ఉన్న ఇంటికి ఈ రకం దండగ. విజయవాడలో మా బావ పెట్టించుకుంటే, మధ్యాహ్నం బయటికి పంపిన కరెంటు కూడా వాడకం కిందే లెక్కేసింది. కరెంటు ఎటు పోతోందో తెలియాలంటే వోల్టేజీ కూడా కొలిచే రకం తీసుకోవాల్సింది.

అయినా దండగ కాలేదు. అందరం పడుకున్నాక కూడా 140 వాట్లు లాగుతోందని తెలిసింది ఇందులోనే. వెతికితే ఇన్వర్టర్ పాత బ్యాటరీ.

యాప్ 185 అంటే నేను 172 అని చదువుకుంటాను. మా ఆవిడ మాత్రం 185నే నమ్మి గీజర్ కట్టేస్తుంది.