ఎలక్ట్రిక్ బస్సుకు సర్కారు సాయం: ముందే సబ్సిడీ మేలా, కిలోమీటరుకింత మేలా?

"సబ్సిడీ ఇస్తున్నారు కదా, ఆర్టీసీయే ఎలక్ట్రిక్ బస్సులు కొనుక్కోవచ్చుగా? మళ్లీ ప్రైవేటు వాళ్ల చేతికెందుకు?" బస్సుల గురించి ఏం రాసినా ఈ ప్రశ్న తప్పదు. దాని వెనకే ఇంకోటి: కేంద్రం సాయం ఏ రూపంలో వస్తే మనకు లాభం? రెండూ ముడిపడ్డవే కాబట్టి కలిపే చెబుతాను.

ముందు కొనుగోలు సంగతి. పన్నెండు మీటర్ల ఎలక్ట్రిక్ బస్సు ఖరీదు అదే సైజు డీజిల్ బస్సుకు రెండింతలు దాటుతుంది. తేడాలో ఎక్కువ భాగం బ్యాటరీదే. డీజిల్ బస్సయితే ఖర్చు రోజూ కొంచెం కొంచెంగా బంకులో పోతుంది. ఎలక్ట్రిక్ బస్సుకు పెద్ద ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి. జీతాలకూ పాత బాకీలకూ సర్దుకోవడమే కష్టంగా ఉన్న సంస్థ వందల బస్సులకు అలా పెట్టలేదు. ఎలాగో అప్పు చేసి కొన్నా, కొన్నేళ్లకు బ్యాటరీ నీరసపడితే మార్చాల్సింది కూడా తనే.

అందుకే దేశమంతా జీసీసీ (గ్రాస్ కాస్ట్ కాంట్రాక్ట్) పద్ధతి నడుస్తోంది. బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, బ్యాటరీ బెడదా కంపెనీదే. టికెట్ కొట్టేది ఆర్టీసీ కండక్టర్, ఆ డబ్బు ఆర్టీసీకే. తిరిగిన కిలోమీటర్లకు లెక్కకట్టి కంపెనీకి చెల్లిస్తారు. అద్దె బస్సుల వ్యవహారం తెలిసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. దీనివల్ల సంస్థలో డ్రైవర్, మెకానిక్ పోస్టులు తగ్గిపోతాయన్న కార్మికుల బాధ న్యాయమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ బ్యాటరీ రిస్కు ఆర్టీసీ నెత్తిన పడకుండా ఉండే దారి ప్రస్తుతానికి ఇదొక్కటే కనిపిస్తోంది.

టికెట్ డబ్బు కూడా కంపెనీయే తీసుకునే నెట్ కాస్ట్ పద్ధతి ఒకటుంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉన్న రెండు తెలుగు రాష్ట్రాల్లో సిటీ బస్సులకు అది కుదిరే పని కాదు. బస్సు మాత్రమే లీజుకు తీసుకుని డ్రైవర్‌ను ఆర్టీసీయే పెట్టుకునే డ్రై లీజు యూనియన్లకు నచ్చుతుంది గానీ, బస్సు పాడైతే తప్పు నడిపినవాడిదా, తయారుచేసినవాడిదా అన్న పంచాయితీ తెగదు.

ఇక కేంద్రం సాయం. ఎలక్ట్రిక్ వాహనాల కోసం 2019లో మొదలైన ఫేమ్-2 పథకంలో బ్యాటరీ సామర్థ్యాన్ని బట్టి కిలోవాట్ అవర్‌కు రూ.20,000 చొప్పున బస్సుకు సబ్సిడీ ఇచ్చారు. 2024 అక్టోబరులో దాని తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో అది రూ.10,000కు తగ్గింది, పెద్ద బస్సుకు గరిష్ఠంగా రూ.35 లక్షలు. మొత్తం 14,028 బస్సులకు రూ.4,391 కోట్లు పెట్టారు. 2025లో హైదరాబాద్‌కు 2,000 బస్సులు కేటాయించారు. రెండో దారి పీఎం ఈ-బస్ సేవ. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన ఈ పథకంలో 10,000 బస్సులు, కేంద్రం వాటా రూ.20,000 కోట్లు. ఇక్కడ బస్సు కొనడానికి డబ్బివ్వరు. తిరిగిన కిలోమీటరుకు పెద్ద బస్సుకు రూ.24, తొమ్మిది మీటర్లదానికి రూ.22, మినీ బస్సుకు రూ.20 ఇస్తారు. డిపోకూ, కరెంటు లైన్లకూ సాయం వేరే ఉంటుంది. ప్రధానంగా జనాభా 3 లక్షల నుంచి 40 లక్షల మధ్య ఉన్న నగరాలకే ఇది. అందుకే వరంగల్, నెల్లూరు ఈ దారిలో, హైదరాబాద్ ఆ దారిలో వెళ్తున్నాయి.

ముందే సబ్సిడీ ఇస్తే కంపెనీకి అప్పు తగ్గుతుంది, వడ్డీ తగ్గుతుంది, టెండర్లో రేటు కూడా తగ్గుతుంది. మంచిదే. కాకపోతే ఎన్ని వాయిదాల్లో ఇచ్చినా చివరి వాయిదా అందాక ఆ డబ్బుకూ బస్సు తిరగడానికీ సంబంధం తెగిపోతుంది. కిలోమీటరు సాయంలో అలా కాదు, చక్రం కదిలితేనే పైసలు. పైగా సబ్సిడీతో వచ్చిన బస్సుకు డిపోలో హైటెన్షన్ లైను పడకపోతే అది మూలన కూర్చోవాల్సిందే. లైను ఖర్చును కూడా పథకంలో కలిపినందుకు ఈ-బస్ సేవకు నా దగ్గర ఎక్కువ మార్కులు.

దానికీ ఓ తిరకాసుంది. రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన ఒప్పందం కుదిరితే బస్సును అంత తిప్పగలగాలి. పెద్ద నగరంలో ట్రాఫిక్కు అడ్డం, చిన్న ఊళ్లో రూట్ల కొరత అడ్డం. ఛార్జింగ్ డిపో ఊరికి ఒక కొసన ఉంటే ప్యాసింజర్లు లేకుండా తిరిగే డెడ్ కిలోమీటర్లు పెరిగిపోతాయి. కంపెనీ తప్పు లేకుండా తిరుగుడు తగ్గితే ఆ నష్టం ఆర్టీసీ భరించాల్సిందే. కరెంటు బిల్లు ఎవరిదన్నదీ చూసుకోవాలి. బిల్లు కంపెనీదైతే డ్రైవర్ కాలు ఎలా పడుతోందో కంపెనీయే గమనించుకుంటుంది, డీజిల్ డ్రైవర్‌కు డిపోలో కేఎంపీఎల్ (లీటరుకు ఎన్ని కిలోమీటర్లు) లెక్క చూసినట్టే. తిరుమల ఘాట్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి నెమ్మదిగా దించే డ్రైవరైతే మోటారే జనరేటరై కొంత కరెంటు బ్యాటరీకి తిరిగొస్తుంది. గట్టిగా బ్రేకు తొక్కేవాడి చేతిలో అది వేడిగా పోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. నా లెక్కలో తేల్చేది మాత్రం చెల్లింపు తేదీ. 2022లో కేంద్ర సంస్థ సీఈఎస్ఎల్ హైదరాబాద్ సహా ఐదు నగరాలకు కలిపి 5,450 బస్సులకు టెండర్ పిలిస్తే పన్నెండు మీటర్ల బస్సుకు కిలోమీటరుకు కనిష్ఠంగా రూ.43.49 రేటు వచ్చింది. ఆ రేటుతో రోజుకు 200 కిలోమీటర్లంటే ఒక్కో బస్సుకు రూ.8,698, నెలకు రూ.2.6 లక్షలు. వంద బస్సులుంటే నెలకు రూ.2.6 కోట్లు. ఆర్టీసీ మూడు నెలలు బిల్లు ఆపితే కంపెనీకి ఏడున్నర కోట్లకు పైగా ఇరుక్కుపోతాయి. ఈలోగా బ్యాంకు ఈఎంఐ ఆగదు, డ్రైవర్ జీతం ఆగదు. ఈ సంగతి టెండర్ వేసేవాడికి ముందే తెలుసు. అందుకే ఆలస్యానికయ్యే వడ్డీని రేటులోనే కలిపేస్తాడు, లేదంటే టెండర్ జోలికే రాడు. అంటే ఒక చేత్తో సబ్సిడీ ఇస్తాం, ఆలస్యం పేరుతో అందులో కొంత ఇంకో చేత్తో లాగేసుకుంటాం.

2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన చెల్లింపు భద్రత పథకం ఈ జబ్బుకే మందు. రూ.3,435 కోట్ల నిధి, 38,000కు పైగా బస్సులకు వర్తిస్తుంది. ఆర్టీసీ లాంటి సంస్థ బిల్లు కట్టకపోతే సీఈఎస్ఎల్ ఆ నిధి నుంచి కంపెనీకి చెల్లిస్తుంది. తర్వాత ఆ మొత్తాన్ని రాష్ట్రం నుంచి రాబట్టుకుంటుంది. అందుకోసం రిజర్వు బ్యాంకులోని ఖాతా నుంచి నేరుగా తీసుకోవడానికి రాష్ట్రం ముందే అనుమతి రాసివ్వాలి. ఒక్కో బస్సుకు ఇచ్చే సబ్సిడీతో పోలిస్తే ఇందులో పెట్టింది తక్కువే, అదీ తిరిగొచ్చే డబ్బు. అయినా అప్పిచ్చే బ్యాంకుకు ధైర్యం వచ్చేది దీనితోనే. సబ్సిడీ, కిలోమీటరు సాయం, ఈ హామీ మూడింట్లో ఒక్కటే కోరుకోమంటే నేను హామీకే ఓటేస్తాను. దానితో కలిసొస్తే కిలోమీటరు సాయం, ఆ తర్వాతే సబ్సిడీ.

ఆ సంతకం పెట్టడానికి రాష్ట్రాలు తటపటాయిస్తాయి, అది సహజం. తన ఖాతాలోంచి వేరొకరు తీసుకుంటారంటే ఏ ఆర్థిక శాఖ ఒప్పుకుంటుంది? ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికి కొట్టే జీరో టికెట్ల డబ్బు ప్రభుత్వం నుంచి ఆర్టీసీకి నెలనెలా వస్తేనే ఆర్టీసీ నుంచి కంపెనీకి నెలనెలా వెళ్తుంది. పైన ఆగితే కిందా ఆగుతుంది.

సొంత బండి గురించి అడిగేవాళ్లకు రెండు ముక్కలు. స్కూటర్ సబ్సిడీ ఏటికేడు కరిగిపోతూ వచ్చింది. ఈ-డ్రైవ్‌లో మొదట కిలోవాట్ అవర్‌కు రూ.5,000 ఉన్నది మరుసటి ఆర్థిక సంవత్సరానికి రూ.2,500 అయింది. దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేసుకోకండి. కారుకైతే ఈ-డ్రైవ్‌లో ఏమీ లేదు. ఎలక్ట్రిక్ వాహనాలకు 5 శాతం జీఎస్టీ ఉంది. తెలంగాణలో రిజిస్టర్ చేయించేవాళ్లకు 2024 నవంబరు జీవో ప్రకారం రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, గడువు 2026 డిసెంబరు 31. కారు ఖరీదు పెరిగేకొద్దీ ఈ మాఫీ లాభమూ పెరుగుతుంది. స్కూటర్ కొనేవాడికి మిగిలేది తక్కువ, పెద్ద కారు కొనేవాడికి మిగిలేది లక్షల్లో. బస్సెక్కేవాడి సంగతి తర్వాత చూద్దామన్నట్టుంటుంది ఈ వరస, నాకు మింగుడుపడదు.