హనుమకొండ ఇంట్లో మూడేళ్ల ఫైబర్ లైన్, సొంత రౌటర్: అసలు లెక్క 1492 దగ్గర

లోకల్ కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్. గోడకు ఓఎన్‌యూ డబ్బా, అంటే ఫైబర్ తీగ వచ్చి చేరేది, దాని వెనక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్న సొంత రౌటర్. మూడేళ్లు రోజూ వాడాక చెప్తున్న మాట ఇది: లైన్ మంచిదే, చెప్పిన స్పీడ్ వస్తుంది. కానీ డబ్బాను బిగించి వెళ్లినట్టే వదిలేస్తే కొన్ని సైట్లు తెరుచుకోవు. ప్లాన్ పెంచినా, వైఫై మార్చినా తెరుచుకోవు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో డయల్ అయ్యే లైన్, అంటే పీపీపీఓఈ లైన్ ఎవరింట్లో ఉన్నా, వరంగల్‌లోనైనా జమ్మికుంటలోనైనా, లెక్క ఇదే.

లక్షణాలు గుర్తుపట్టడం తేలికే. యూట్యూబ్ ఆగకుండా నడుస్తుంది, వాట్సాప్‌లో మెసేజ్‌లు పోతాయి, స్పీడ్ టెస్ట్ 95 చూపిస్తుంది. బ్యాంకు లాగిన్ పేజీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆఫీసు వీపీఎన్ కనెక్ట్ అవుతుంది కానీ లోపల ఫైల్ తెరుచుకోదు. అదే పేజీ మొబైల్ హాట్‌స్పాట్ మీద వెంటనే వస్తుంది. యూట్యూబ్ నడుస్తోంది కాబట్టి లైన్ బాగుందని ఆపరేటర్ మనిషి అంటాడు. ఆయన మాటలో అబద్ధం లేదు, కానీ యూట్యూబ్ ఇక్కడ సరైన పరీక్ష కాదు. క్రోమ్‌లో అది ఎక్కువగా క్విక్ అనే డేటా పంపే పద్ధతి మీద వస్తుంది. క్విక్ ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, 1200 బైట్ల దగ్గర మొదలై, దారిలో పడతాయో లేదో చూసుకున్నాకే పెరుగుతాయి. పెద్ద ప్యాకెట్‌తో దానికి పని పడదు.

ఈథర్‌నెట్ మీద ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా పోతుంది. పీపీపీఓఈ అందులోంచి 8 బైట్లు తన హెడర్లకు తీసుకుంటుంది, 6 పీపీపీఓఈవి, 2 పీపీపీవి. మిగిలేది 1492. ఇంట్లో కంప్యూటర్‌కు ఈ సంగతి తెలియదు. తన వైపు 1500 కనిపిస్తుంది కాబట్టి, ఐపీ, టీసీపీ హెడర్లకు 40 పోగా ఒక్కో ముక్కలో 1460 బైట్ల డేటా పంపు అని అవతలి సర్వర్‌కు చెప్తుంది. 1460ని ఎంఎస్‌ఎస్ అంటారు. సర్వర్ నిండు 1500 ప్యాకెట్ పంపుతుంది. అది ఆపరేటర్ దగ్గరి పీపీపీఓఈ సర్వర్ దాకా వచ్చి ఆగిపోతుంది, విడగొట్టొద్దు అన్న గుర్తు దాని మీద ఉంటుంది కాబట్టి. అప్పుడు "1492 కంటే పెద్దది పట్టదు" అని సర్వర్‌కు ఐసీఎంపీ కబురు, అంటే దారిలోని తేడాలు చెప్పే చిన్న ప్యాకెట్, పోవాలి. ఎక్కడో ఒక ఫైర్‌వాల్ ఆ కబురును మింగేస్తే సర్వర్ అదే సైజును మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటుంది. కనెక్షన్ మొదలయ్యే ప్యాకెట్లు చిన్నవి కాబట్టి అవి దాటుతాయి, సర్టిఫికెట్ మోసుకొచ్చే పెద్ద ప్యాకెట్ దగ్గర పేజీ నిలిచిపోతుంది.

కొలవడానికి పది నిమిషాలు చాలు. వైఫై వద్దు, కేబుల్ పెట్టండి. వీపీఎన్ ఆపండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ తర్వాత మైనస్ ఎఫ్, మైనస్ ఎల్, 1464, చివర క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్ అడ్రస్ 1.1.1.1 కొట్టండి. మధ్యలో ఖాళీలు ఉండాలి. మైనస్ ఎఫ్ అంటే విడగొట్టొద్దు, మైనస్ ఎల్ తర్వాతది డేటా సైజు. 1464కు ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 కలిపితే 1492. లినక్స్‌లో మైనస్ పెద్ద ఎం పక్కన డూ, మైనస్ చిన్న ఎస్ పక్కన 1464. మ్యాక్‌లో మైనస్ పెద్ద డీ, మైనస్ చిన్న ఎస్. 8.8.8.8కు పెద్ద పింగ్ కొడితే జవాబు 68 బైట్లే వచ్చిందని చూపించవచ్చు. అది గూగుల్ జవాబును కత్తిరించి పంపడం, మీ లైన్ తప్పు కాదు. అందుకే 1.1.1.1 వాడమనడం.

1464 దాటి 1465 ఆగితే లైన్ 1492 మీద సరిగ్గా ఉన్నట్టు. 1465 ఎలా ఆగిందన్నదే అసలు చూడాల్సింది. రౌటర్ ఐపీ నుంచి "విడగొట్టాలి, కానీ వద్దన్న గుర్తు ఉంది" అనే అర్థం వచ్చే జవాబు వస్తే రౌటర్ తన పని చేస్తోంది. జవాబేమీ లేకుండా టైమ్ అవుట్ అయితే ఏదో డబ్బా ప్యాకెట్‌ను చప్పుడు లేకుండా పారేస్తోంది. 1464 కూడా ఆగితే పదేసి తగ్గించుకుంటూ పోయి, దాటిన చోటి నుంచి ఒక్కొక్కటి పెంచండి. దాటిన చివరి అంకెకు 28 కలిపితే అదే మీ ఎంటీయూ, అంటే లైన్‌లో పట్టే అతి పెద్ద ప్యాకెట్ సైజు.

దీన్ని ఫైబర్ సిగ్నల్ దోషంతో కలపొద్దు. మా దగ్గర కోతులు తీగల మీద ఊగి ఫైబర్ వంచేయడం మామూలే. అప్పుడు ఓఎన్‌యూ పేజీలో రిసీవ్ పవర్ మైనస్ 27 డీబీఎం దాటి పడిపోతుంది, చిన్న పింగ్, పెద్ద పింగ్ రెండూ అడపాదడపా పోతాయి. సైజు దోషంలో అలా ఉండదు. ఒక అంకె దాకా నూటికి నూరు, ఆ తర్వాత సున్నా.

రౌటర్ సంగతి. 100 ఎంబీపీఎస్‌కు ఎంటీ7621 చిప్, 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ ఉన్న పాత మోడల్ చాలు. ఓఎన్‌యూను తాను డయల్ చేయకుండా డేటాను దాటించే బ్రిడ్జ్ మోడ్‌లోకి మార్పించి పీపీపీఓఈ డయల్ రౌటర్‌లో పెట్టాం. ఎంటీయూ గడిని ఖాళీగా వదిలితే 1492 అదే తీసుకుంటుంది. ఫైర్‌వాల్‌లో వాన్ జోన్‌కు, అంటే బయటి ఇంటర్నెట్ వైపుకు, ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ టిక్ ముందే ఉంటుంది, తీయొద్దు. బయటికి పోయే 1460ని రౌటర్ మధ్యలోనే 1452గా దిద్దుతుంది, సర్వర్ మొదటి నుంచే చిన్న ముక్కలు పంపుతుంది. ఐసీఎంపీ కబురు చేరిందా లేదా అన్న బెంగే ఉండదు. సొంత రౌటర్‌కు పెట్టిన డబ్బులు ఈ ఒక్క టిక్‌కే గిట్టాయని నా లెక్క.

ఎక్కువ ఏడిపించింది ఐపీవీ6, అంటే ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త ఇంటర్నెట్ అడ్రసుల పద్ధతి. ఓఎన్‌యూ రౌటర్ మోడ్‌లో ఉన్నప్పుడు ఐపీవీ4కు క్లాంపింగ్ చేస్తోంది, ఐపీవీ6కు చేయట్లేదు. ఐపీవీ6లో దారి మధ్యలోని రౌటర్లు ప్యాకెట్‌ను విడగొట్టవు, "ప్యాకెట్ పెద్దది" అన్న కబురు మీదే మొత్తం ఆధారం. బ్రౌజర్ తనంతట తాను ఐపీవీ4కు మారుతుందిలే అనుకుంటాం. మారదు. కనెక్షన్ కలవకపోతేనే అది దారి మారుస్తుంది, ఇక్కడ కనెక్షన్ కలిసి, ఆ తర్వాతే ఆగుతోంది. పట్టుకోవడానికి కంప్యూటర్‌లో ఐపీవీ6 టిక్ తీసి సైట్ తెరవండి. తెరుచుకుంటే దోషం అక్కడే. అయితే అలాగే ఆపేసి ఊరుకోవద్దు, అది పరీక్ష మాత్రమే. విండోస్ మైనస్ ఎఫ్ ఐపీవీ4కే పనిచేస్తుంది కాబట్టి ఐపీవీ6 కొలతను లినక్స్ నుంచి తీయాలి. హెడర్ 40, ఐసీఎంపీ 8 పోగా డేటా 1444 దాటాలి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ క్లాంపింగ్ రెండింటికీ వర్తిస్తుంది, ఐపీవీ6 ఎంఎస్‌ఎస్ 1432 అవుతుంది. లాన్ డీహెచ్‌సీపీ పేజీలో ఆర్‌ఏ ఎంటీయూను 1492 చేస్తే ఇంట్లో ఫోన్లు, కంప్యూటర్లు ఐపీవీ6కు మొదటి నుంచే ఆ సైజు పాటిస్తాయి, ఎంఎస్‌ఎస్ వర్తించని యూడీపీ ప్యాకెట్లకు కూడా. ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6ను మూసేయమనే సలహా ఎవరిచ్చినా వినకండి.

వీపీఎన్ వాడేవాళ్లకు ఇంకో లెక్క. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ తన హెడర్లకు ఐపీవీ4 మీద 60 బైట్లు, ఐపీవీ6 మీద 80 బైట్లు తింటుంది. దాని ఎంటీయూ మామూలుగా ఉండే 1420, ఐపీవీ4 మీద 1480 అవుతుంది, 1492లో పడుతుంది. ఐపీవీ6 మీద సరిగ్గా 1500 అవుతుంది, పట్టదు. 1412 పెట్టేస్తే రెండు చోట్లా నడుస్తుంది.

లైన్ చూసే అన్నలు "1400 పెట్టుకో, అంతా తెరుచుకుంటది" అంటారు. తెరుచుకుంటుంది, స్పీడ్‌లో పోయేది కూడా అర శాతం లోపే. నాకు నచ్చనిది ఏమిటంటే దానితో అసలు దోషం ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు, తర్వాత వీపీఎన్ లెక్కలన్నీ తప్పుతాయి. ఇంకొందరు 1452ను ఎంటీయూ గడిలో కొడతారు. అది ఎంఎస్‌ఎస్ అంకె. ఇక 1280 కంటే కిందికి మాత్రం ఎప్పుడూ దించొద్దు, ఐపీవీ6కు కావాల్సిన కనీసం అదే. దానికంటే తగ్గితే లినక్స్ ఆ ఇంటర్‌ఫేస్ మీద ఐపీవీ6ను ఆపేస్తుంది.

నిండు 1500 కూడా ప్రయత్నించాం. 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4638 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం ప్రకారం కింది ఈథర్‌నెట్ పోర్టును 1508, పీపీపీఓఈని 1500 చేస్తే, ఆపరేటర్ వైపు ఒప్పుకుంటే 1472 పింగ్ దాటాలి. మా లైన్‌లో దాటలేదు, 1492కే దిగింది. క్లాంపింగ్ ఉన్నాక ఆ 8 బైట్లు లేవన్న లోటు వాడకంలో తెలియలేదు.

కొనేవాళ్లు ఆపరేటర్‌ను ముందే అడగాల్సినవి రెండు: ఓఎన్‌యూను బ్రిడ్జ్‌లో పెడతారా, పీపీపీఓఈ పాస్‌వర్డ్ ఇస్తారా. ఈ రెండింటికీ ఒప్పుకోకపోతే సొంత రౌటర్ కొన్నా ఈ మేలు సగమే దక్కుతుంది. ఒప్పుకున్నా, రిపేరుకు వచ్చినప్పుడు రీసెట్ నొక్కితే ఓఎన్‌యూ మళ్లీ రౌటర్ మోడ్‌కు పోతుంది. మూడేళ్లలో అలా రెండుసార్లు జరిగింది. అందుకే మనిషి గేటు దాటకముందే 1464, 1465 పింగ్ కొట్టి, ఆ 1465కు జవాబు మీ సొంత రౌటర్ ఐపీ నుంచే వస్తోందా చూసుకోండి.