లెయోవిల్ బార్టన్ 2000: వగరు మెత్తబడడానికి ఇరవై ఏళ్లు

లెయోవిల్ బార్టన్ అనే ఫ్రాన్స్ ఎర్ర వైన్, 2000 పంటది, పన్నెండు సీసాల చెక్కపెట్టెలో మొదటిది 2008లో, తొమ్మిదోది 2024లో తెరిచాక రాస్తున్న సమీక్ష ఇది. ముందే తేల్చి చెప్పాలంటే, 2000 పంట వైన్‌ని పదేళ్లలోపు తాగడం కరక్కాయ నమిలినట్టే.

షాటో (వైన్ తోట) లెయోవిల్ బార్టన్ ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతంలోని సాన్‌జూలియన్‌ది. 1855 వర్గీకరణలో రెండో శ్రేణి. పారిస్ ప్రదర్శన కోసం బోర్డో దళారులు అప్పటి ధరల్ని బట్టి వేసిన ఐదు మెట్ల జాబితా అది, రుచికి హామీపత్రం కాదు. ఒకప్పటి పెద్ద లెయోవిల్ తోట మూడు ముక్కలైతే, అందులో ఈ ముక్క 1826లో బార్టన్ కుటుంబం చేతికి వచ్చింది. దీనికి సొంత భవనం లేదు. లేబుల్ మీద కనిపించేది ఆ కుటుంబానిదే అయిన లాంగోవా భవనం.

ఇందులోని ద్రాక్ష రకాల్లో కాబెర్నే సోవిన్యోన్‌ది పెద్ద పాలు, తర్వాత మెర్లో, కొద్దిగా కాబెర్నే ఫ్రాన్. 2000లో ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఎండగా, పొడిగా గడిచాయి. పండు చిన్నదై తొక్క మందమైంది. వగరుకు మూలమైన టానిన్ ఆ తొక్కలో, గింజలో ఉంటుంది కాబట్టి రసంలోకి బాగా దిగింది.

2008లో రంగు నేరేడు రసంలా ఉంది, అంచున ఊదా. వాసనలో బ్లాక్‌కరెంట్ పండు. మనకు దగ్గరి పోలిక నేరేడే గానీ, దీనికి ఒక ఆకు వాసన కూడా ఉంటుంది. చిగుళ్లు పట్టేసే వగరు. 2012లో ఆ పండు వాసన కూడా లోపలికి ముడుచుకుపోయింది, మూడు గంటలు గాలి తగిలినా విప్పుకోలేదు. చాలా బోర్డో వైన్లకు ఇలాంటి మూగ దశ ఉంటుంది. వైన్ పాడైందని పారబోయకండి. 2016 నుంచి దేవదారు, చెక్కిన పెన్సిల్ పొట్టు వాసనలు. 2024కి అంచు ఇటుక రంగుకు తిరిగింది, నడుమ ఇంకా చిక్కన. ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ తలుపు తీసినప్పుడు కొట్టే తీపి వాసన గుర్తుందా? ఇప్పుడు గ్లాసులో అదే. వగరు పోలేదు, నాలుక మీద మెత్తగా పరుచుకుంటోంది. టానిన్లు, రంగు పదార్థాలు ఏళ్లమీద ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి మడ్డిగా దిగుతాయి. రంగు తగ్గడం, వగరు తగ్గడం జంటగా నడిచేది అందుకే. అయినా అంచు రంగొక్కటే చూసి వయసు కట్టొద్దు. వేడికి గురైన కుర్ర వైన్ అంచు కూడా ఇటుక రంగుకు తిరుగుతుంది.

తెరిచే ముందు సీసాను రెండు రోజులు నిలబెట్టాలి. పాత బిరడాలోకి మెలితిప్పే మరమేకు దించితే అది పొడిపొడి అవుతుంది, పక్కల నుంచి దిగే రెండు రేకుల పరికరం మేలు. మెడ కింద టార్చి పెట్టి ఒకే ధారగా డికాంటర్‌లోకి (వైన్ వంపుకునే గాజు పాత్ర) వంపండి. మధ్యలో ఆపి సీసా ఎత్తితే మడ్డి మొత్తం వైన్‌లో కలిసిపోతుంది. నల్లటి చార మెడకు రాగానే ఆపేయాలి. అడుగున 40, 50 మిల్లీలీటర్లు పోతే పోనివ్వండి. ఈ వయసులో ఒక గంట గాలి చాలు. 17 డిగ్రీల దగ్గర తాగాలి, 22 దాటితే ముక్కుకు ఆల్కహాలే తగులుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా దోషం, ఎంత గాలి తగిలించినా పోదు.

పాత సీసా కొనేటప్పుడు వైన్ మట్టం చూడాలి. ఈ వయసుకు మెడ అడుగు దాకా ఉంటే నిశ్చింత, భుజం మధ్యకి దిగితే వదిలేయండి. బిరడా పైకి పొడుచుకొచ్చినా, బిరడా మీది రేకు కింద జిగురున్నా ఎక్కడో ఎండ తిన్న సరుకు. హైదరాబాద్‌లో అయితే 13 డిగ్రీల వైన్ ఫ్రిజ్, దానికి ఇన్వర్టర్ ఉంటేనే దాచండి. కరెంటు పోయి వేడెక్కినప్పుడల్లా వైన్ ఉబ్బి, చల్లబడగానే కుంచించుకుని బిరడా సందుల్లోంచి గాలి పీలుస్తుంది.

భోజనంలోకి మిరియాలు, ఉప్పుతో కాల్చిన వేటమాంసం బాగా కుదిరింది, కొవ్వు వగరును మింగేస్తుంది. గోంగూర మాంసం వండిన రోజు మాత్రం ఈ సీసా తీయొద్దు. ఆ పులుపు ముందు వైన్ చప్పబడుతుంది, కారం తగలగానే మిగిలిన వగరు చేదెక్కుతుంది. ఆ కూరకి చల్లటి బీరు చాలు.