పాత దూలం ముక్కతో గడ్డం బ్రష్: మూడేళ్ళు వాడాక

పరకాల దగ్గర మా ఊళ్ళో పెంకుటిల్లు విప్పినప్పుడు నా వాటాకు వచ్చిన ఆస్తి ఒక టేకు దూలం ముక్క. దాన్ని హనుమకొండకు తెచ్చుకుని గడ్డం బ్రష్ చేస్తానంటే బాపు నవ్విండు. "గింత దానికి బజార్ల దొరకదా బిడ్డా?" అన్నాడు. దొరుకుతుంది. అట్లాంటివి అప్పటిదాకా ఏడాదికొకటి కొంటూనే ఉండేవాణ్ణి. కుచ్చు వదులై, నురగతో పాటు వెంట్రుకలు మూతికి అంటుకోవడం మొదలయ్యాక పారేసేవాణ్ణి. ఇంట్లో చేసుకున్నదానికి మూడేళ్ళు దాటింది, వారానికి నాలుగుసార్లు వాడుతున్నాను.

ఇది రెండోది. మొదటిది ఆరు నెలలు కూడా నిలవలేదు.

మొదటిదాన్ని మంచం కోళ్ళు తిప్పే ఆయన దగ్గర లేత్ మీద తిప్పించాను. బొంగరంలా నున్నగా, ముద్దుగా వచ్చింది. లక్క పాలిష్ నేనే వేశాను. పంది వెంట్రుకల కుచ్చు ఆన్‌లైన్‌లో తెప్పించి అతికించాను (అవి ఏ వెంట్రుకలో అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు). రెండు నెలలకే పిడి మీద పాలు ఒలికినట్టు తెల్లటి మరకలు తేలాయి. లక్క పాలిష్ కుర్చీకి, బీరువాకు బాగుంటుంది కానీ రోజూ వేడినీళ్ళు తగిలే వస్తువుకు పనికిరాదు. వానాకాలం దాటేసరికి పిడిలో కుచ్చు దిగే బెజ్జం అంచున సన్నటి పగులు కూడా వచ్చింది.

ఆ పగులు గురించి చాలా రోజులు ఆలోచించాను. కర్రను అడ్డంగా కోసిన వైపు నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది, బెజ్జం మూతి సరిగ్గా అక్కడే ఉంటుంది. తడికి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. లోపల జిగురుతో రాయిలా గట్టిపడిన కుచ్చు మొదలు మాత్రం ఇసుమంత కూడా కదలదు. ఇక చీలాల్సింది చెక్కే.

రెండోసారి దూలంలో చేవ ఉన్న భాగం ఏరుకున్నాను. 40 మిల్లీమీటర్ల చదరం, 60 పొడవు. చెక్క చదరంగా ఉన్నప్పుడే బెజ్జం వేసుకోవాలి, గుండ్రంగా అయ్యాక బిగించి పట్టుకోలేం. 24 మిల్లీమీటర్ల బిట్టుతో 16 మిల్లీమీటర్ల లోతు పోయాను. పాత టేకు బిట్టును తినేస్తుంది. సగానికే పొగ వచ్చింది. ఆగి, చల్లార్చి, మళ్ళీ తిప్పాను.

తర్వాత ఆకురాయితో నాలుగు మూలలూ అరగదీస్తే ఎనిమిది పలకలయ్యాయి. వాటిని కూడా అరగదీసి గుండ్రం చేద్దామనుకున్నాను కానీ మణికట్టు నొప్పి పుట్టి వదిలేశాను. ఈ బ్రష్‌లో అన్నిటికన్నా మంచి గుణం ఆ బద్ధకంతోనే వచ్చింది! నున్నటి పిడి సబ్బు చేతిలో చేపలా జారేది. పలకల పిడి కళ్ళు మూసుకుని తిప్పినా కదలదు.

టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురు సరిగా పట్టదు. అందుకే బెజ్జం లోపల స్పిరిట్‌తో తుడిచి, ఆరాల్డైట్ జిగురు పలుచగా పూసి, ఒక రాత్రి వదిలేశాను. నీళ్ళు చెక్కలోకి దిగకుండా అదే అడ్డం. మర్నాడు కుచ్చు పెట్టాను. పైన తలుపులకు వేసే పీయూ పాలిష్ ఐదు కోట్లు, కోటుకూ కోటుకూ ఒక రోజు ఎడంతో వేశాను. అడుగునా, బెజ్జం మూతి చుట్టూ కూడా వేయాలి, అక్కడ మరిచిపోతే మళ్ళీ మొదటి కథే.

లోతు విషయంలో ఒక మాట. మొదటిదాంట్లో 10 మిల్లీమీటర్లే తవ్వాను, 58 మిల్లీమీటర్ల కుచ్చు బయటికి ఉండి ముఖం మీద వాలిపోయేది. ఇప్పుడు 52 ఉంది, గడ్డం కింది వెంట్రుకలను నిలబెట్టేంత బిగువుంది. ఈసారి కుచ్చు సింథటిక్. పంది వెంట్రుకలు కొన్ని వారాలు వాడితే కొసలు చీలి మెత్తబడతాయి, ఆ మెత్తదనం నాకిష్టమే. కానీ వాడే ముందు నానబెట్టాలి, మా బాత్రూంలో వానాకాలం రెండు రోజులకు కూడా ఆరేది కాదు. సింథటిక్‌ను దులిపి కిటికీలో పెడితే సాయంత్రానికి పొడిగా ఉంటుంది.

మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో నురగ లేచినట్టే లేచి చప్పున చచ్చిపోతుంది, వెంట్రుకల మొదట్లో తెల్లటి జిడ్డు పేరుకుంటుంది. ఇప్పుడు గిన్నెడు నల్లా నీళ్ళు విడిగా పెట్టుకుంటున్నాను. నెలకోసారి వెనిగర్ కలిపిన నీళ్ళలో వెంట్రుకలను పది నిమిషాలు ముంచి కడిగితే కొత్తదానిలా విచ్చుకుంటాయి.

లోపాలూ ఉన్నాయి. 24 మిల్లీమీటర్ల కుచ్చు నా ముఖానికి పెద్దది, మీసం దగ్గర పని చేసేటప్పుడు ముక్కులోకి నురగ పోతుంది. మళ్ళీ చేస్తే 22తో చేస్తాను. బొటనవేలు ఆనే పలక మీద పాలిష్ అరిగి చెక్క బయటపడింది, దసరా సెలవుల్లో అక్కడ ఒక కోటు వేయాలి. ఇంట్లో డ్రిల్లు మిషన్ లేనివాళ్ళకు మాత్రం నేను చేయమని చెప్పను. బిట్టుకూ కుచ్చుకూ పెట్టిన డబ్బుతో బజార్లో మూడు బ్రష్‌లు వస్తాయి. బాపు అడిగిన ప్రశ్నకు లెక్క ప్రకారం నా దగ్గర జవాబు లేదు, కానీ పోయిన నెల ఆయన గడ్డానికి నురగ పెట్టుకున్నది నా బ్రష్‌తోనే.